చెరువు ఎందుకు పచ్చబడుతోంది? పైనుంచి వచ్చే పోషకాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండాకాలంలో చెరువు పచ్చబడగానే, తొలకరి పడి చేపలు తేలగానే ఇవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల గురించే ఉంటుంది, అవే నాకు బాగా తెలుసు కాబట్టి. అక్కడక్కడా కొల్లేరు, బెంగళూరు, బయటి దేశాల సంగతులు కూడా ఉంటాయి. మీకు ఏ ప్రశ్న కావాలంటే దానికే నేరుగా వెళ్ళిపోండి.

## చెరువు రంగు మారినప్పుడు

నీళ్ళు పచ్చగా ఉంటే తప్పేంటి, నాచు మంచిదే కదా?

కొంచెం నాచు ప్రతి చెరువులో ఉండాల్సిందే. దాన్ని తినే చిన్న పురుగులు, వాటిని తినే చేపలు, చేపల కోసం వచ్చే కొంగలు, అందరూ దాని మీదే బతుకుతారు. కానీ చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్ళు కనపడట్లేదంటే మాత్రం పరిస్థితి చేయి దాటుతోందని అర్థం. వెలుగు కిందకి దిగదు, అడుగున ఉండే మొక్కలు చచ్చిపోతాయి, అవి పట్టి ఉంచిన బురద లేస్తుంది, దాంతో నీళ్ళు ఇంకా మసకబారతాయి, చివరికి నాచు తప్ప ఇంకేమీ మిగలదు. లోతు తక్కువున్న మన చెరువుల్లో ఇది చాలా తొందరగా జరిగిపోతుంది.

పోషకాలు అంటున్నారు, అది విషం కాదు కదా, మరి నష్టమేంటి?

నత్రజని, భాస్వరం. రైతు యూరియా, డీఏపీ రూపంలో కొనేది కూడా వీటినే. పొలంలో వరికి ఎంత మేలు చేస్తాయో చెరువులో నాచుకి అంతే మేలు చేస్తాయి, నష్టం అక్కడే మొదలవుతుంది. రెండిట్లో మంచినీళ్ళ చెరువులకి ఎక్కువగా భాస్వరమే కీలకం. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే సైంటిస్టు టీమ్ 226 నంబరు సరస్సుని మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి రెండు భాగాలు చేసి, ఒకవైపు కార్బన్, నత్రజని మాత్రమే వేశారు, రెండోవైపు వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన వైపు మాత్రమే చిక్కటి పచ్చగా మారింది, విమానంలోంచి తీసిన ఫొటోలో ఆ తేడా గీత గీసినట్టు కనపడుతుంది. అంటే నత్రజనిని వదిలెయ్యమని కాదు, చాలా చెరువుల్లో రెండూ కలిసే పని చేస్తాయి, కానీ భాస్వరాన్ని వదిలేసి చేసే ఏ పనీ నిలవదు.

ఎంత భాస్వరం కలిస్తే చెరువు పాడవుతుంది? లారీలకి లారీలు రావాలి కదా?

అక్కర్లేదండి. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం దాదాపు 10 కిలోలు ఉంటుంది. లీటరుకి 0.03 మిల్లీగ్రాములు దాటితే చెరువు పచ్చబడే దారిలో పడిందని లెక్క, అలా చూస్తే ఆ 10 కిలోలు దాదాపు 33 కోట్ల లీటర్లకి సరిపోతాయి. అంటే 40 ఎకరాల చెరువులో రెండు మీటర్ల లోతు నీళ్ళుంటే దానికి ఒక్క బస్తా చాలు. కిలో భాస్వరం నుంచి కొన్ని వందల కిలోల పచ్చి నాచు పెరగగలదు. ఇది తెలిశాక నాలా వైపు చూసే చూపే మారిపోతుంది.

తెల్లారేసరికి చేపలు చచ్చి తేలాయి, ఎవరో విషం కలిపారా?

కలిపి ఉండొచ్చు, ఇండస్ట్రియల్ ఏరియాల పక్క చెరువుల్లో కెమికల్ వాటర్ వదలడం నిజంగానే జరుగుతోంది, అందుకే ఆ అనుమానాన్ని కొట్టిపారెయ్యకుండా వెంటనే శాంపిల్ తీయించాలి. కానీ తెల్లవారుజామునే చచ్చాయా, అంతకుముందు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి పీలుస్తూ కనపడ్డాయా అని అడగండి. నాచు పగలంతా ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది, తెల్లారగట్ల 4 నుంచి 6 మధ్య నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటిపోతుంది. లీటరుకి 2 మిల్లీగ్రాముల దాకా పడిపోతే చాలా చేపలు తట్టుకోలేవు. రెండ్రోజులు మబ్బు పట్టినా, నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్ళినా ఇంకా ఘోరం. ఇంకో సంగతి కూడా ఉంది, మిట్ట మధ్యాహ్నం చిక్కటి నాచు వల్ల నీటి పీహెచ్ (క్షార గుణం కొలత) 9 దాటుతుంది, అప్పుడు మురుగులోంచి వచ్చిన అమ్మోనియా చేపలకి విషంగా మారుతుంది. అందుకే మధ్యాహ్నం మీటరు పెట్టి "ఆక్సిజన్ బాగానే ఉంది" అని రిపోర్టు రాస్తే దాన్ని నమ్మొద్దు, తెల్లారకముందు చూసిన రీడింగ్ కావాలి.

పైన తెట్టు కట్టింది, పచ్చ పెయింట్ పోసినట్టుంది, బర్రెలు దిగొచ్చా?

దింపొద్దు. పిల్లల్ని, కుక్కల్ని కూడా. అది చాలాసార్లు మైక్రోసిస్టిస్ లాంటి నీలి ఆకుపచ్చ నాచు అయి ఉంటుంది, ఒంట్లో గాలి బుడగలుంటాయి కాబట్టి నీటిపైన తేలి, గాలి ఎటు వీస్తే ఆ ఒడ్డుకి చేరి మందంగా పేరుకుంటుంది. దీంట్లో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషం తయారు చేస్తాయి, అది లివర్‌ని దెబ్బ తీస్తుంది, మరగబెట్టినా పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలెడో ఊళ్ళో ఈరీ సరస్సు నీళ్ళలో ఇది ఎక్కువై దాదాపు 4 లక్షల మందిని కుళాయి నీళ్ళు తాగొద్దు, మరగబెట్టి కూడా తాగొద్దు అన్నారు. ఆ సరస్సుకి పోషకాలు వచ్చేది ప్రధానంగా మామీ నది చుట్టూ ఉన్న పొలాల నుంచి. చూడ్డానికి అన్ని తెట్లూ ఒకేలా ఉంటాయి, ఏది విషమో కంటితో చెప్పలేం, అందుకే తెట్టు కనపడితే దూరంగా ఉండటమే.

నురగ కూడా నాచు వల్లేనా?

ఎక్కువగా డిటర్జెంట్లు, శుద్ధి చెయ్యని మురుగు వల్ల. బెంగళూరు బెళ్ళందూరు చెరువు నురగ రోడ్డు మీదకి ఎగిరి రావడం అక్కడ ఐటీ జాబ్స్ చేసే మనవాళ్ళు చాలామంది కళ్ళారా చూశారు, ఆ చెరువులో మంటలు కూడా లేచాయి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ధరణీనగర్ నాలాలో గట్టి వాన పడ్డప్పుడు ఇళ్ళ ముందుకి నురగ వచ్చేది. నురగ, నాచు వేరు వేరు, కానీ రెండిటినీ మోసుకొచ్చేది ఒకే మురుగు కాబట్టి నురగ కనపడిన చోట భాస్వరం కూడా దండిగా వస్తోందనే అనుకోవాలి.

## ఎక్కడ్నుంచి వస్తోందో వెతికేటప్పుడు

క్యాచ్‌మెంట్ అంటే చెరువు చుట్టూ వదిలే బఫర్ జోనేనా?

కాదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత, దాని బయట పెద్ద చెరువులకి 30 మీటర్లు బఫర్. క్యాచ్‌మెంట్ అంటే ఎక్కడ వాన పడితే ఆ నీళ్ళు మీ చెరువులోకి వస్తాయో ఆ నేల మొత్తం. హుస్సేన్ సాగర్ నీళ్ళు పరుచుకునేది కొద్ది చదరపు కిలోమీటర్లే, దానికి నీళ్ళిచ్చే నేల మాత్రం 240 చదరపు కిలోమీటర్ల దాకా ఉంది. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు పారితే కింద చెరువుకి వస్తుంది, కాబట్టి పైనున్న మూడు నాలుగు చెరువుల మురుగు కూడా చివరికి మీదే. బఫర్‌లో ఫెన్సింగ్ వేసి, వాకింగ్ ట్రాక్ వేసి చెరువుని కాపాడేశాం అనుకుంటున్నారు, అది కబ్జా ఆపడానికి పనికొస్తుంది, నాలాలో వచ్చే భాస్వరాన్ని ఆపదు.

మా చెరువు చుట్టూ ఒక్క ఫ్యాక్టరీ కూడా లేదు, మరి పొల్యూషన్ ఎక్కడిది?

మన ఇళ్ళది. ఒక మనిషి ఒంట్లోంచి రోజుకి ఒకటిన్నర గ్రాముల దాకా భాస్వరం బయటికి పోతుంది, డిటర్జెంట్లది అదనం. 10 వేల మంది ఉండే కాలనీ మురుగు శుద్ధి లేకుండా నాలాలో కలిస్తే రోజుకి 15 కిలోలు, అంటే రోజూ ఒకటిన్నర డీఏపీ బస్తా తెచ్చి చెరువులో గుమ్మరించినంత. మీరే తెలుసుకోవాలంటే ఏప్రిల్‌లో, వాన పడి నెల దాటాక, చెరువులోకి వచ్చే వాననీటి నాలా వెంట పైకి నడుచుకుంటూ వెళ్ళండి. ఆ టైమ్‌లో అది ఎండిపోయి ఉండాలి. పారుతోందంటే అది వాననీరు కాదు. ఎక్కడ ఏ పైపు వచ్చి కలుస్తోందో, ఏ వాసనో, ఉదయం 7, 8 గంటలకి ఎంత పెరుగుతోందో ఫోన్లో ఫొటో, లొకేషన్‌తో సహా దాచుకోండి. ఒక్కోసారి పెద్ద పైపు ఒక్కటే ఉంటుంది, దాన్ని సీవర్ లైన్‌లో కలిపితే సగం సమస్య తీరుతుంది.

హుస్సేన్ సాగర్ పాడైంది నిమజ్జనాల వల్లే కదా?

నిమజ్జనం వల్ల నష్టం లేదని నేను అనను, పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్), రంగుల్లో ఉండే లోహాలు, కర్రలు, బట్టలు అన్నీ అడుగున పేరుకుంటాయి, మట్టి విగ్రహం పెట్టుకోవడమే మంచిది. కానీ నీళ్ళు పచ్చబడి కంపు కొట్టడానికి అసలు కారణం అది కాదు. నిమజ్జనం ఏడాదిలో కొన్ని రోజులు, నాలాలు 365 రోజులు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ అందులోకే వస్తాయి, వాటిలో కూకట్‌పల్లి నాలా బాలానగర్, జీడిమెట్ల వైపు నుంచి ఇళ్ళ మురుగుతోపాటు ఫ్యాక్టరీల నీళ్ళూ తెచ్చేది. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు ఇది, 1930 దాకా ఊరికి తాగునీళ్ళిచ్చింది. పైన ఊరు పెరిగి డ్రైనేజీ దానితోపాటు పెరగకపోవడమే దాన్ని దెబ్బ తీసింది. ఇక బతుకమ్మ పువ్వుల సంగతి అడుగుతుంటారు, తంగేడు, గునుగు పూలతో వచ్చే భాస్వరం ఒక్క కాలనీ ఒక్కరోజు మురుగు ముందు లెక్కలోకి రాదు.

పొలాల్లో వేసే ఎరువులే అసలు కారణమా?

ఊరి చెరువులకి అది పెద్ద కారణమే, సిటీ చెరువులకి కాదు. ఏ చెరువు దగ్గర మాట్లాడుతున్నామో చూడకుండా రైతుని తిట్టడం నాకు నచ్చదు. భాస్వరం ఎక్కువగా మట్టిని పట్టుకుని కదులుతుంది, మట్టి కొట్టుకుపోతేనే చెరువుకి చేరుతుంది. నత్రజని మాత్రం నీళ్ళలో కరిగి పోతుంది. అందుకే గట్టి వాన వచ్చేట్టుంటే ఎరువు చల్లకుండా ఆగడం, యూరియా ఒకేసారి కాకుండా రెండు మూడు దఫాలుగా వెయ్యడం, ఎరువు వేశాక కొన్ని రోజులు మడి నీళ్ళు వదలకుండా గట్లు గట్టిగా కట్టుకోవడం, వాగు అంచున గడ్డి అలాగే ఉంచడం, ఇవన్నీ చెరువుకీ మంచిది, రైతు జేబుకీ మంచిది. భూసార పరీక్షలో భాస్వరం ఇప్పటికే ఎక్కువుందని వస్తే డీఏపీ తగ్గించేసుకోవచ్చు.

మా అపార్ట్‌మెంట్‌కి ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంది, ఇంకా మావల్ల ఏం నష్టం?

మొదట అది రాత్రిళ్ళు కూడా నడుస్తోందా, కరెంటు బిల్లు తగ్గుద్దని ఆపేస్తున్నారా చూడండి. నడుస్తున్నా సరే, మామూలు ఎస్టీపీ చేసే పని కుళ్ళి ఆక్సిజన్ లాగేసే చెత్తని, అంటే రిపోర్టుల్లో బీఓడీ అని కొలిచేదాన్ని తగ్గించడం. భాస్వరంలో చాలా భాగం అలాగే బయటికొస్తుంది. పచ్చి మురుగులో లీటరుకి 5 నుంచి 10 మిల్లీగ్రాములుంటే, శుద్ధయ్యాక 1 మిల్లీగ్రామే మిగిలిందనుకున్నా చెరువు తట్టుకునే దానికంటే అది 30 రెట్లు. నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయని చెరువులోకి వదిలెయ్యకూడదు. ఫ్లషింగ్‌కి, చెట్లకి వాడుకోండి, మొక్కలకి ఆ భాస్వరం ఎరువుగా పనికొస్తుంది కాబట్టి గార్డెన్‌లో విడిగా వేసే ఎరువు తగ్గించండి. ఎస్‌బీఆర్ టెక్నాలజీ (ఒకే ట్యాంకులో విడతలవారీగా శుద్ధి చేసే) ప్లాంట్లు సరిగ్గా నడిపితే నత్రజని, భాస్వరం కొంత మెరుగ్గా తీస్తాయి. 2023లో మొదలైన కోకాపేట ప్లాంటు (రోజుకి కోటిన్నర లీటర్లు శుద్ధి చేసేది) లాంటివి ఆ రకమే.

కొల్లేరులో కూడా ఇదే జరుగుతోందా?

ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటివన్నీ అందులోకే వస్తాయి, బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. బుడమేరు విజయవాడ వైపు మురుగు తెస్తుంది, కృష్ణా గోదావరి డెల్టా డ్రెయిన్లు పొలాల నీళ్ళు తెస్తాయి, వీటికి తోడు సరస్సు చుట్టూ, లోపల చేపల చెరువులు. చేపకి వేసే మేత, కోళ్ళ ఎరువు అంతా చేప ఒంటికి పట్టదు, మిగిలిందంతా నీళ్ళలోనే ఉండి చెరువు నీళ్ళు వదిలినప్పుడు బయటికొస్తుంది. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, 2005, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, తర్వాత మళ్ళీ చెరువులు వెలిశాయి. అక్కడ బతుకు దానిమీదే ఉన్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, వాళ్ళకి వేరే దారి చూపించకుండా గట్లు మాత్రమే కొడితే నిలవదని అప్పుడే తేలిపోయింది.

## టెస్టులు చేయించేటప్పుడు

ల్యాబ్ లేకుండా మనమే చూసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది. 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకు తీసుకుని నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు మార్చి మార్చి పెయింట్ వెయ్యండి, మధ్యలో బరువు, మార్కులు పెట్టిన తాడు కట్టి నీళ్ళలోకి దింపండి. కనపడకుండా పోయిన లోతు రాసుకోండి, దీన్నే సెకీ డిస్క్ అంటారు. రెండు వారాలకోసారి ఒకే చోట, ఒకే టైమ్‌కి చూస్తే ఏడాదిలో మీ చెరువు చరిత్ర మీ చేతిలో ఉంటుంది. నాచు ఏ రకమో తెలియాలంటే గ్లౌజులు వేసుకుని గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్ళు పట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా పెట్టండి, తిండి వస్తువులకి దూరంగా. పొద్దున పచ్చదనమంతా పైకి చేరి ఉంటే నీలి ఆకుపచ్చ నాచు అయ్యే అవకాశం ఎక్కువ, అడుగుకి దిగితే మామూలు నాచు.

ల్యాబ్‌కిస్తే ఏ టెస్ట్ అడగాలి?

టోటల్ ఫాస్ఫరస్, టోటల్ నైట్రోజన్, అమ్మోనియా, క్లోరోఫిల్ (నాచు ఎంతుందో చెప్పేది). బీఓడీ, సీఓడీ (నీళ్ళలో చెత్త ఎంత ఆక్సిజన్ లాగుతుందో చెప్పే టెస్టులు) మాత్రమే చేసి "పర్లేదు" అనే రిపోర్టుతో ఊరుకోకండి. ఒక్క చోట శాంపిల్ తీస్తే లాభం లేదు, నీళ్ళు వచ్చే ప్రతి నాలా మూతి దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, అలుగు దగ్గర ఒకటి తియ్యాలి, అప్పుడే ఏ నాలా ముంచుతోందో తెలుస్తుంది. తొలకరి వానకి, ఏడాదంతా నేల మీద, నాలాల్లో పేరుకున్నది ఒక్కసారిగా కొట్టుకొస్తుంది, వీలైతే ఆ రోజు శాంపిల్ తప్పకుండా పట్టండి. రిపోర్టులో ఫాస్ఫేట్ అని ఉందా, ఫాస్ఫరస్ అని ఉందా చూడండి, ఫాస్ఫేట్ అంకెని 3తో భాగిస్తే దాదాపుగా భాస్వరం వస్తుంది. ఈ తేడా చూడక మీటింగుల్లో గంటలు గంటలు వాదించుకున్నవాళ్ళున్నారు.

## బాగుచేసే మాటొచ్చినప్పుడు

గుర్రపు డెక్క మొత్తం తీసేస్తే చెరువు బాగైపోతుందా?

దోమలు తగ్గుతాయి, నీళ్ళకి గాలీ వెలుగూ తగులుతాయి, కాబట్టి తియ్యాలి. కానీ లెక్క చూడండి. గుర్రపు డెక్కలో 95 శాతం నీళ్ళే, టన్ను పచ్చి మొక్క తీస్తే బయటికొచ్చే భాస్వరం సుమారు 200 గ్రాములు. 10 వేల మంది మురుగు రోజూ 15 కిలోలు తెస్తుంటే దానికి సరిపోవాలంటే రోజుకి 75 టన్నులు తియ్యాలి, అది ఎవరివల్లా కాదు. అందుకే జేసీబీతో తీసిన రెండు నెలలకే మళ్ళీ నిండిపోతుంది. ఇంకో ఘోరం, తీసింది కట్ట మీదే కుప్ప పోస్తారు, అది కుళ్ళి మొదటి వానకి మళ్ళీ చెరువులోకే దిగుతుంది. లారీ ఎక్కించి బయటికి పంపే డబ్బులు కూడా టెండర్‌లో ఉన్నాయా అని ముందే అడగండి.

ఫౌంటెన్లు, ఏరేటర్లు, ఎంజైమ్ ద్రావణాలు పని చేస్తాయా?

ఏరేటర్ ఆక్సిజన్ ఇస్తుంది, చేపలు చచ్చే రాత్రుల్లో నిజంగా కాపాడుతుంది. భాస్వరాన్ని మాత్రం ఒక్క గ్రాము కూడా బయటికి తీసుకెళ్ళదు. ఎంజైములు, బ్యాక్టీరియా ద్రావణాలు వాసన తగ్గించొచ్చు, పోషకం రూపం మారుతుందేమో గానీ చెరువులోనే ఉంటుంది. పటిక భాస్వరాన్ని పట్టి అడుగుకి దింపుతుంది, అది శాస్త్రీయంగా నిలబడిన పద్ధతే, కానీ పైనుంచి నాలా పారుతూ ఉంటే ఆ ఖర్చు కొద్దికాలంలోనే నీటిపాలు.

నీళ్ళ మీద తేలే మొక్కల తెప్పలు పెడుతున్నారు, అవి మంచివేనా?

మంచివే. 2018లో నెక్నాంపూర్ చెరువులో 3 వేల చదరపు అడుగుల తెప్ప పెట్టారు, వట్టివేరు, క్యానా లాంటి మొక్కల వేర్లు నీళ్ళలోకి వేలాడుతూ పోషకాలు పీల్చుకుంటాయి, వేర్లకి పట్టిన సూక్ష్మజీవులు కూడా పని చేస్తాయి. మొక్కల్ని ఎప్పటికప్పుడు కోసి బయటికి తీసుకెళ్తేనే లాభం, వదిలేస్తే ఎండి అందులోనే రాలతాయి. తక్కువ మురుగు వచ్చే చెరువుకి ఇది సరిపోవచ్చు, పెద్ద నాలా కలిసే చెరువుకి ఇదొక్కటే అయితే చాలదు.

పూడిక తీయిస్తే భాస్వరం పోతుందా?

చాలా వరకు పోతుంది, ఎందుకంటే ఏళ్ళ తరబడి వచ్చింది అడుగు బురదలోనే దాక్కుని ఉంటుంది, ఆక్సిజన్ లేనప్పుడు అది మళ్ళీ నీళ్ళలోకి వదులుతూ ఉంటుంది. స్వీడన్‌లో ట్రుమెన్ అనే లోతులేని సరస్సుకి 1950ల చివర్లోనే మురుగు ఆపేసినా బాగవలేదు, 1970, 71లో బురద తీశాకే తేరుకుంది. మన మిషన్ కాకతీయలో ఊరి చెరువుల పూడిక పొలాలకి తోలారు, అది చాలా పాత, చాలా తెలివైన పద్ధతి, పొలం నుంచి పోయింది పొలానికే చేరుతుంది, ఎరువు ఖర్చూ తగ్గుతుంది. కానీ సిటీ చెరువు బురదలో సీసం, క్రోమియం లాంటి లోహాలుండొచ్చు, టెస్ట్ చెయ్యకుండా పొలానికి తోలొద్దు. మురుగు ఆపకముందు పూడిక తియ్యడం మాత్రం డబ్బు దండగ.

మురుగు మొత్తం ఆపితే ఎన్నేళ్ళకి మారుతుంది? అసలు మారిన చెరువు ఎక్కడైనా ఉందా?

ఉంది. సియాటిల్, బెల్లెవ్యూ మధ్యలో ఉండే లేక్ వాషింగ్టన్, అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతోమంది రోజూ దాని మీది వంతెనలు దాటుతుంటారు. 1950ల్లో అది నాచుతో నిండిపోయింది, అదీ పచ్చి మురుగు వల్ల కాదు, ఎక్కువగా ప్లాంట్లలో శుద్ధి చేసి వదిలిన నీళ్ళ వల్ల. ఎడ్మండ్‌సన్ అనే సైంటిస్టు భాస్వరం లెక్కలు చూపించి ముందే హెచ్చరించాడు, జనం ఓటేసి పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు, 1963 నుంచి 1968 మధ్య ఆ నీళ్ళన్నీ మళ్ళించారు. మీటరు లోతు కనపడటమే కష్టమైన నీళ్ళు 1970ల మొదట్లోనే 3 మీటర్ల దాకా తేటపడ్డాయి. అది లోతైన సరస్సు, నీళ్ళు తొందరగా మారతాయి, మన లోతులేని చెరువులకి బురద వల్ల ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది, పదేళ్ళయినా పట్టొచ్చు. కాబట్టి మొదటి రెండేళ్ళు ఏమీ కనపడకపోతే పని ఆపెయ్యకండి.

నాలాని మళ్ళిస్తే చెరువుకి నీళ్ళెక్కడివి, ఎండిపోదా?

ఎండిపోయే ప్రమాదం నిజమే, చాలా చెరువులకి ఇప్పుడు ఎండాకాలం వచ్చేది మురుగు ఒక్కటే. మళ్ళించాల్సింది ఎండాకాలం పారే మురుగుని, వాననీటిని కాదు, అందుకే నాలా మూతి దగ్గర చిన్న ప్రవాహం పైపులోకి, వరద చెరువులోకి వెళ్ళేలా కడతారు. తొలకరి మొదటి నీళ్ళు కూడా పైపులోకే పోనివ్వాలి. భాస్వరం తీసేదాకా శుద్ధి చేసిన నీళ్ళుంటే అవి చెరువుకి ఇవ్వొచ్చు. మన చెరువులు పూర్వం కూడా ఎండాకాలం సగానికి దిగేవి, ఏడాదంతా నిండుగా కనపడాలని పట్టుబట్టి మురుగుతో నింపుకోవడం కంటే అదే నయం.

గండిపేట, హిమాయత్‌సాగర్ ఇంకా బాగానే ఉన్నాయి కదా, జీవో 111 గురించి అంత గొడవెందుకు?

అవి ఇన్నాళ్ళు బాగున్నది ఎందుకో చూడండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలు అవి, 1996లో జీవో 111 వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకీ ఫ్యాక్టరీలకీ అడ్డుకట్ట వేసింది. అంటే చెరువుని కాదు, చెరువుకి నీళ్ళిచ్చే నేలని కాపాడారు, మన దగ్గర అలా ఆలోచించిన సందర్భాలు చాలా తక్కువ. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు తీసేశారు. ఆ ఊళ్ళ రైతులకి పాతికేళ్ళు భూమి రేటు రాలేదన్న బాధ న్యాయమైనదే, దానికి పరిహారం ఇవ్వాల్సింది. ఇప్పుడు అక్కడ వచ్చే ప్రతి లేఅవుట్‌కి ఇళ్ళకంటే ముందు సీవర్ లైన్, భాస్వరం తీసే ప్లాంటు రావాలని గట్టిగా అడగాలి.

కంప్లైంట్ ఎవరికివ్వాలి, ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు?

పనుల్ని విడగొట్టి అడగండి. ఇంటి మురుగు నాలాలో కలుస్తుంటే వాటర్ బోర్డుకి, నాలా శుభ్రం, వాననీటి కాలువ అయితే మున్సిపాలిటీకి, కట్ట, తూము, అలుగు అయితే ఇరిగేషన్‌కి, కబ్జా అయితే ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకి, నీళ్ళ శాంపిల్, ఫ్యాక్టరీ అనుమానం అయితే పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి. "చెరువు కంపు కొడుతోంది" అని రాస్తే కాగితం తిరుగుతూనే ఉంటుంది. "ఫలానా వీధి చివర, ఫలానా కల్వర్టు కింద, ఇంత సైజు పైపు, వాన లేని రోజుల్లో కూడా ఉదయం 7 గంటలకి నిండుగా పారుతోంది, ఫొటోలు ఇవిగో" అని రాసి, రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. నెలయ్యాక అదే పైపు దగ్గర మళ్ళీ ఫొటో తీసి జత చేసి, అదే నంబరు మీద రెండో కంప్లైంట్ ఇవ్వండి.